మన శాఖ గుమాస్తా - ఆంధ్ర పితామహుడు

ఈ ప్రత్యేక సంచికకు సేవాసంఘాల గురించి ఏదైనా రాయమని సంపాదకవర్గం వారు అడిగారు. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి మూడు చోట్లా ఉద్యోగం చేసినవాడిని కాబట్టి అక్కడి లయన్స్ క్లబ్బులు, రోటరీ క్లబ్బులు, యువజన సంఘాలు చేసిన కంటి శిబిరాలు, రక్తదానాలు, చలివేంద్రాలు రాస్తానని వారు అనుకొని ఉంటారు. అవి మనందరం చూసినవే. శిబిరంలో పేర్లు రాసే పని ఎప్పుడూ మన ఉద్యోగుల మీదే పడేది కాబట్టి కొంచెం ఎక్కువగానే చూశాం. అందుకని ఈ పనులన్నిటికీ మన ప్రాంతంలో నారు పోసిన ఒక మనిషి జీవితం రాయాలనుకున్నాను. ఆయన మనలాగే విద్యాశాఖలో గుమాస్తా. హనుమకొండ ఆఫీసులోనే పనిచేశారు. పేరు మాడపాటి హనుమంతరావు పంతులు గారు.

ఈ పేరు మన తరం వారికి కొత్తది కాదు. హైదరాబాదు నారాయణగూడలోని బాలికల పాఠశాల వల్ల అందరికీ తెలుసు. ఆయన గుమాస్తాగా ఉండగా ఏం చేశారన్నది మాత్రం తక్కువమందికి తెలుసు. నన్ను ఎక్కువగా ఆకర్షించింది ఆ భాగమే. అందుకే అక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

పంతులు గారు 1885 జనవరి 22న కృష్ణా జిల్లా నందిగామ తాలూకా పొక్కునూరులో పుట్టారు. చిన్నతనంలోనే నిజాం రాష్ట్రానికి వచ్చి, సూర్యాపేటలో బంధువుల అండన చదువుకున్నారు. అప్పటి బడిలో చదువంటే ఉర్దూ, పారసీకం. తెలుగు ఇంట్లో మాట్లాడుకునే భాష, అంతవరకే. ఆయన ఆ రెండు భాషలనూ నిక్షేపంగా నేర్చారు. ఆ తరువాత హనుమకొండ చేరి, పై చదువు పూర్తిచేసి, 1904 ప్రాంతంలో విద్యాశాఖ కార్యాలయంలో గుమాస్తాగా కుదురుకున్నారు. అప్పటికి వయసు ఇరవై దాటలేదు.

ఇక్కడ మన మిత్రులు కాస్త ఊహించుకోవాలి. ఆఫీసు భాష ఉర్దూ. టప్పాలు, మిసళ్లు, జీతాల చిట్టాలు అన్నీ ఉర్దూలోనే. తారీకులు ఫసలీ లెక్కలో. పగలంతా ఆ కాగితాల మధ్య కూర్చున్న కుర్రవాడు సాయంత్రం ఇంటికి పోయి కాళ్లు చాపుకోవచ్చు. అలా చేసినా ఎవరూ తప్పు పట్టరు. ఆయన మాత్రం తెలుగు పుస్తకాలు పోగుచేసే పనిలో పడ్డారు.

మూడేళ్ల ముందు, 1901లో, హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం వెలిసింది. కొమర్రాజు వెంకట లక్ష్మణరావు పంతులు గారు, మునగాల రాజా నాయని వెంకట రంగారావు గారు, రావిచెట్టు రంగారావు గారు దానికి మూలపురుషులు. ఆ దీపంతోనే వెలిగించిన రెండో దీపం 1904లో హనుమకొండలో వెలసిన రాజరాజనరేంద్రాంధ్ర భాషా నిలయం. దానికి చేయూతనిచ్చి, కార్యదర్శిగా మోసినవారిలో మన గుమాస్తా గారు ముఖ్యులు.

మన క్లబ్బు మిత్రులకు ఒక సంగతి చెప్పాలి. చికాగో నగరంలో పాల్ హారిస్ అనే న్యాయవాది ముగ్గురు మిత్రులను కూర్చోబెట్టుకొని మొదటి రోటరీ క్లబ్బు పెట్టింది 1905 ఫిబ్రవరిలో. సభ్యుల ఆఫీసుల్లో వంతులవారీగా కలుసుకొనేవారు కాబట్టి దానికి ఆ పేరు వచ్చింది. మెల్విన్ జోన్స్ పుణ్యమా అని లయన్స్ క్లబ్బులు పుట్టింది 1917లో. అంటే హనుమకొండలో నలుగురు ఉద్యోగులు, వకీళ్లు, వర్తకులు కలిసి చందాలు వేసుకొని ఊరికి పనికివచ్చే సంస్థ పెట్టుకున్ననాటికి చికాగోలో రోటరీ ఇంకా పుట్టలేదు. ఎవరు ముందు, ఎవరు వెనుక అని పోటీ పెట్టడానికి చెప్పడం లేదు. సంఘం పెట్టి సేవ చేయడమనేది మనకు ఎక్కడినుంచో దిగుమతి అయిన అలవాటు కాదని చెప్పడానికే.

గ్రంథాలయం నడపడమంటే ఏమిటో ఆ పని చేసినవారికే తెలుసు. ఇల్లు అద్దెకు దొరకాలి. దీపానికి నూనె కావాలి. పత్రికలకు చందా కట్టాలి. పుస్తకం పట్టుకుపోయినవాడి ఇంటికి నాలుగుసార్లు తిరగాలి. నెల నెలా చందా వసూలు చేయడం అన్నిటికన్నా కష్టం. మొదటి నెల ఉత్సాహంగా ఇచ్చిన పెద్దమనిషి మూడో నెల వీధిలో ఎదురుపడితే పక్క సందులోకి తిరుగుతాడు. మన సంఘం కోశాధికారి గారిని అడిగితే ఇంకా బాగా చెబుతారు. దానికి తోడు ఆ రోజుల్లో నలుగురు ఒకచోట చేరితే సర్కారుకు అనుమానం. ఆ అనుమానం రాకుండా ఎక్కడా తొట్రుపడకుండా నడిచే నేర్పు పంతులు గారికి హనుమకొండలోనే అబ్బిందని నా అభిప్రాయం. తరువాత నలభై ఏళ్లు ఆయన ఏ పని చేసినా ఆ గుమాస్తా నేర్పు కనిపిస్తూనే ఉంటుంది. కాగితం సరిగ్గా రాయడం, రూలు చూసి మాట్లాడడం, ఆవేశపడకుండా మళ్లీ మళ్లీ వెళ్లడం ఆయన పద్ధతి.

1912లో ఆయన హైదరాబాదు చేరారు. న్యాయశాఖలో అనువాదకుడిగా కొన్నేళ్లు పనిచేసి, వకాలతు పరీక్ష ప్యాసై, 1917 నాటికి సర్కారు నౌకరీ వదిలి వకీలుగా నిలబడ్డారు. పెన్షను రాని ఉద్యోగం వైపు ధైర్యంగా పోయారన్నమాట! ఇదే కాలంలో కథలు కూడా రాశారు. ఆయన రాసిన హృదయశల్యము తెలంగాణ నుంచి వచ్చిన తొలి తెలుగు కథల్లో ఒకటని సాహిత్యం తెలిసినవారు చెబుతారు. ప్రేమ్‌చంద్ కథలను ఉర్దూ నుంచి తెలుగులోకి తెచ్చినవారిలోనూ ఆయనే మొదటివారు. మల్లికా గుచ్ఛము అనే ఆయన కథల సంపుటి ఉంది. ఉర్దూలోనూ వ్యాసాలు రాసేవారు. ఆయనకు ఉర్దూ మీద కోపం లేదు. తెలుగుకు చోటు లేదన్నదే బాధ.

ఆ బాధ 1921 నవంబరులో బయటపడింది. హైదరాబాదు వివేకవర్ధినీ నాటకశాలలో సంఘసంస్కార సభ జరిగింది. పూనా నుంచి వచ్చిన మహర్షి ధొండో కేశవ కార్వే గారు అధ్యక్షులు. ఉర్దూ, మరాఠీ, ఇంగ్లీషు ఉపన్యాసాలు సాఫీగా సాగాయి. అల్లంపల్లి వెంకటరామారావు అనే వకీలు గారు తెలుగులో మాట్లాడడానికి లేవగానే సభలో గేలి, గోల. ఆయన మాట పూర్తికాలేదు. ఆ రాత్రే తెలుగువారు కొందరు టేకుమాల రంగారావు గారి ఇంట్లో చేరి ఆంధ్ర జన సంఘం పెట్టుకున్నారు. బూర్గుల రామకృష్ణారావు, ఆదిరాజు వీరభద్రరావు, మందుముల నరసింగరావు గార్ల వంటివారు అందులో ఉన్నారు. పెద్దలెందరున్నా కార్యదర్శి భారం మాడపాటి వారిదే అయింది. మన సంఘాల్లో కూడా అంతే కదా, అధ్యక్షులు మారుతుంటారు, రిజిస్టరు మోసేవాడు ఒక్కడే ఉంటాడు.

1923 ఏప్రిల్‌లో ఈ సంఘాలన్నిటినీ కలిపి నిజాం రాష్ట్ర ఆంధ్ర జన కేంద్ర సంఘంగా ఏర్పరిచిన సమావేశం హనుమకొండలోనే జరిగింది. ఇరవై ఏళ్ల కిందట తాను పుస్తకాలు సర్దిన ఊరికే పంతులు గారు కార్యదర్శిగా తిరిగి వచ్చారు. ఆ తరువాత 1924లో నల్లగొండ, 1925లో మధిర, 1928లో సూర్యాపేటలో సమావేశాలు జరిగాయి.

ఇంతకీ ఈ సంఘం చేసిన సేవ ఏమిటి? గ్రంథాలయాలు, పఠనమందిరాలు పెట్టించడం, బడులకు సాయం, శాసనాలు, తాళపత్రాలు సేకరించడం పైకి కనిపించే పనులు. 1923లో కొమర్రాజు వారు కన్నుమూశాక ఆయన పేర లక్ష్మణరాయ పరిశోధక మండలి ఏర్పడి కాకతీయుల కాలపు శాసనాలను వెదికి అచ్చు వేయించింది. భూపాలపల్లిలో పనిచేసినవారికి ఘనపురం కోటగుళ్లు తెలుసు. నేను అక్కడ ఉండగా ఆదివారాలు ఆ గుళ్ల దగ్గరికి పోయేవాడిని. కూలిన స్తంభాల మధ్య కూర్చున్నప్పుడల్లా, రోడ్డూ బస్సూ లేని కాలంలో శాసనాల కోసం ఊళ్లు తిరిగినవారు ఎలా తిరిగారా అనిపించేది. వారికి టి.ఏ. బిల్లులు లేవు మరి.

సంఘం అసలు దెబ్బ మాత్రం వెట్టిచాకిరీ మీద పడింది. అధికారి ఊళ్లోకి వస్తే చాకలి బట్టలుతకాలి, కుమ్మరి కుండలివ్వాలి, మాదిగలు సామాను మోయాలి, కోమటి దుకాణం నుంచి సరుకు పోవాలి. దేనికీ దమ్మిడీ రాదు, వచ్చినా సగానికి సగం. ఇదంతా చట్టప్రకారం జరిగేదని జనం అనుకొనేవారు. పంతులు గారు పాత మిసళ్లు తెలిసిన మనిషి. వెట్టిని కట్టడి చేస్తూ, ధర చెల్లించమని చెబుతూ సర్కారువారే ఉత్తర్వులు ఇచ్చి ఉన్నారని ఆయనకు తెలుసు. అవి ఉర్దూలో, కచ్చేరీ అలమారాల్లో ఉండేవి. సంఘం వాటిని తెలుగులోకి తెచ్చి చిన్న చిన్న పుస్తకాలుగా అచ్చు వేయించింది. వర్తక స్వాతంత్ర్యము, మొహతర్ఫా, వెట్టిచాకిరీ విషయాల మీద అలాంటి పుస్తకాలు వచ్చాయి. ఫలానా ఉత్తర్వు ఉందని గిర్దావరు ఎదుట నిలబడి చెప్పగలిగిన కోమటికి, చాకలికి ఆ పుస్తకమే అండ అయింది.

మిత్రులారా, డి.ఏ. ఉత్తర్వులూ, వైద్యఖర్చుల జి.వో.లూ మన సంఘం తెలుగులో అచ్చు వేసి పంచినప్పుడు ఇదేం పెద్ద పని అని కొందరన్నారు. నాకు మాత్రం అప్పుడు ఈ వెట్టి పుస్తకాలే గుర్తుకొచ్చాయి. ఉత్తర్వు ఉండడం ఒకటి, అది తెలిసి ఉండడం ఒకటి. ట్రెజరీ కిటికీ దగ్గర ఆ రెంటికీ ఎంత తేడా ఉంటుందో మనకు అనుభవమే.

ఇదే సమయంలో మన మానుకోట తాలూకా ఇనుగుర్తిలో ఒద్దిరాజు సీతారామచంద్రరావు, రాఘవరంగారావు అనే అన్నదమ్ములు ఒక పల్లెటూళ్లో అచ్చుయంత్రం పెట్టి 1922 ఆగస్టులో తెనుగు అనే వారపత్రిక మొదలుపెట్టారు. అదే నెలలో నల్లగొండ నుంచి షబ్నవీసు వెంకటరామ నరసింహారావు గారి నీలగిరి వచ్చింది. మానుకోటలో ఉండగా ఇనుగుర్తి రెండుమూడు సార్లు వెళ్లాను. ఆ ఊళ్లో నిలబడి, ఇక్కడినుంచి పత్రిక కట్టలు స్టేషనుకు ఎలా పోయాయో లెక్క వేస్తే ఆశ్చర్యం కలుగుతుంది. హైదరాబాదులో పెట్టిన సంఘం మాట పల్లెలకు చేరడానికి ఇలాంటి పత్రికలే దారి. 1926లో సురవరం ప్రతాపరెడ్డి గారి గోలకొండ పత్రిక కూడా వచ్చి చేరింది. కేంద్రసంఘం కాగితాలు, ఊరి గ్రంథాలయం, పత్రిక ఈ మూడూ కలిసినచోట పని సాగింది. ఏ ఒక్కటి లేకపోయినా కుంటుపడింది. అటు ములుగు దాటి అడవిలోకి వెళ్లినకొద్దీ ఈ మూడూ పలచబడ్డాయన్నది కూడా నిజం.

ఇక నారాయణగూడ పాఠశాల కథ. 1928లో ఆంధ్ర బాలికోన్నత పాఠశాల మొదలైంది. ఆడపిల్లలు తెలుగులో హైస్కూలు చదువు చదవాలన్నది సంకల్పం. అడ్డంకి ఎక్కడ వచ్చిందో మన శాఖవారికి వెంటనే అర్థమవుతుంది. గుర్తింపు! రాష్ట్రంలో హైస్కూలు చదువు ఉర్దూలో, లేదా ఇంగ్లీషులో. తెలుగు మాధ్యమానికి ఉస్మానియావారి పరీక్ష లేదు. పరీక్ష లేని చదువుకు పిల్లను పంపే తండ్రి ఎవరు? ఖానగీ బడి పెట్టాలన్నా అనుమతి కావాలి, సభ పెట్టాలన్నా గస్తీ నిషాన్ 53 అడ్డం.

పంతులు గారు వెదికి వెదికి ఒక దారి పట్టారు. పూనాలో కార్వే గారు 1916లోనే మహిళా విశ్వవిద్యాలయం స్థాపించారు. అక్కడ మాతృభాషలో చదువుకు గుర్తింపు ఉంది. నారాయణగూడ బడిని ఆ విశ్వవిద్యాలయానికి అనుబంధం చేయించి, పిల్లలను వారి మెట్రిక్ పరీక్షకు కూర్చోబెట్టారు. ఏ కార్వే గారి సభలో 1921లో తెలుగు మాటకు గేలి జరిగిందో, ఆ కార్వే గారి విశ్వవిద్యాలయమే తెలుగు ఆడపిల్లలకు ఆసరా అయింది. పంతులు గారు పాత సంగతి మనసులో పెట్టుకొని ఉంటే ఆ తలుపు తట్టేవారే కాదు. కార్వే గారి తప్పేమీ అందులో లేదనుకోండి, గేలి చేసింది సభికులు. అయినా అంత నిదానం అందరికీ రాదు.

ఆ బడికి చందాల కోసం ఆయన ఎక్కని గడప లేదని చెబుతారు. యల్లాప్రగడ సీతాకుమారి గారి వంటి విదుషీమణులు అక్కడ పాఠాలు చెప్పారు. తెలంగాణ జిల్లాల నుంచి వచ్చిన ఆడపిల్లలు అక్కడ చదివి, ఉపాధ్యాయినులై మళ్లీ జిల్లాలకు వచ్చారు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో జనగామలో ఒక వృద్ధ టీచరమ్మగారి పెన్షను కాగితాలు సవరించవలసి వచ్చింది. సర్వీసు రిజిస్టరులో విద్యార్హత గడిలో నారాయణగూడ బడి పేరు ఉంది. రిజిస్టరులో పేజీ చిరిగిందని ఒక పై ఆఫీసు వారు ఆ కాగితాలను మూడుసార్లు తిప్పి పంపారు. ఆమె ఒక్కసారీ గొంతు పెంచలేదు. ప్రతిసారీ ఇంకో అర్జీ, చక్కని తెలుగులో, ఫలానా రూలు ప్రకారం అంటూ రాసి తెచ్చేది. నాలుగోసారి మంజూరైంది. ఆ బడి నేర్పిన పద్ధతేమో అనుకున్నాను.

పంతులు గారి మీద విమర్శ లేకపోలేదు. అది చెప్పకుండా దాటేస్తే ఈ వ్యాసం సన్మానపత్రం అవుతుంది. 1930లో జోగిపేటలో సురవరం వారి అధ్యక్షతన తొలి ఆంధ్ర మహాసభ జరిగింది. 1935లో సిరిసిల్లలో జరిగిన నాలుగో మహాసభకు పంతులు గారు అధ్యక్షులు. దానితో పాటే జరిగిన మహిళా సభకు ఆయన సతీమణి మాణిక్యమ్మ గారు అధ్యక్షురాలు. అప్పటికే యువకులకు ఆయన నడక నెమ్మదిగా తోచింది. ఎన్నాళ్లు వినతిపత్రాలు, ఎన్నాళ్లు తీర్మానాలు అని వారు అడిగారు. 1944లో భువనగిరి మహాసభ నాటికి రావి నారాయణరెడ్డి గారి నాయకత్వంలో సభ వేరే దారి పట్టింది. మితవాదులు విడిపోయారు.

జనగామవారికి ఈ ప్రశ్న పుస్తకాల్లోది కాదు. అప్పట్లో నల్లగొండ జిల్లాలో ఉన్న జనగామ తాలూకా విసునూరు దేశ్‌ముఖ్ గడీ కింద ఉత్తర్వు పుస్తకం చేతిలో ఉన్నంతమాత్రాన చాకలి ఐలమ్మ గారి పొలం నిలవలేదు. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమురయ్య గారు తుపాకి గుండుకు నేలకొరిగారు. సర్కారు ఉత్తర్వును అమలు చేయవలసినవాడే దాన్ని కాలదన్నినప్పుడు అర్జీ ఎక్కడ పెట్టుకోవాలి? పంతులు గారి పద్ధతికి హద్దు అక్కడ ఉంది. నేను జనగామలో పనిచేసిన రోజుల్లో పోరాటంలో పాల్గొన్న వృద్ధులు కొందరు ఈ మాట మొహమాటం లేకుండానే చెప్పేవారు. అదే నోటితో, తాము మొదట పత్రిక చదివింది, తోటివారికి చదివి వినిపించింది ఊరి పఠనమందిరంలోనే అని కూడా చెప్పేవారు. సంఘం పెట్టడం, సభ్యత్వం రాయడం, తీర్మానం చదవడం నేర్పింది పంతులు గారి తరం. దానితో వెనుకటివారు ఏం చేశారన్నది వారి తరం సంగతి. నా వరకు నేను ఇద్దరిలో ఎవరినీ తగ్గించలేను. అయితే తమ చేతిలో పుట్టిన సంఘం తమను దాటిపోతుంటే అలిగి ఇంట్లో కూర్చోకుండా, తన బడి తాను నడుపుకుంటూ పోయిన పెద్దమనిషి మీద నాకు గౌరవం ఎక్కువ.

1948 తరువాత పదవులు ఆయనను వెదుక్కుంటూ వచ్చాయి. 1951లో హైదరాబాదు నగరానికి మేయరు అయ్యారు. నగరపు తొలి మేయరు ఆయనే. 1958లో ఆంధ్రప్రదేశ్ శాసనమండలి ఏర్పడినప్పుడు దానికి తొలి అధ్యక్షులుగా కూర్చొని 1964 వరకు నడిపించారు. భారత ప్రభుత్వం పద్మభూషణ్ ఇచ్చింది. ఆంధ్ర పితామహుడన్నది మాత్రం ఏ ప్రభుత్వమూ ఇచ్చింది కాదు, జనం పిలుచుకున్నది. పాత కాగితాలన్నీ జాగ్రత్త చేసి తెలంగాణా ఆంధ్రోద్యమము అని రెండు సంపుటాలు రాశారు. ఎవరు ఎక్కడ సభ పెట్టారు, ఎంతమంది వచ్చారు, ఏ తీర్మానం ఎవరు ప్రతిపాదించారు అంతా అందులో ఉంది. చదువుతుంటే మంచి మినిట్స్ పుస్తకం చదివినట్లే ఉంటుంది. తన గొప్ప మాత్రం అందులో వెదికినా దొరకదు.

1970 నవంబరు 11న ఆయన కాలం చేశారు. సంఘం పుట్టిన నవంబరు నెల అది, నలభై తొమ్మిదేళ్లు నిండిన వేళ. నారాయణగూడ బడికి ఆయన పేరే పెట్టారు. 2016లో జిల్లాలు విడిపోయి, జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ఒక్కొక్కటీ ఒక జిల్లా కేంద్రమైంది. మన సంఘానికీ మూడు శాఖలయ్యాయి. హనుమకొండ వెళ్లేవారు రాజరాజనరేంద్రాంధ్ర భాషా నిలయాన్ని ఒకసారి చూసి రండి. పాత పుస్తకాలు ఇంట్లో అటకల మీద ఉన్నవారు ఆ జాబితా శాఖ కార్యదర్శులకు ఇస్తే, ఏవి ఎక్కడికి చేర్చాలో వచ్చే కార్యవర్గ సమావేశంలో మాట్లాడుకుందాం.